మడతలో దాచిన వాక్యం

"ఏమెక్కి యుద్ధం చేసినాడప్పా ఆయప్ప? గుర్రమా, ఏనుగా?"

పెనుకొండ కొండ కింద రోళ్ళు, విసుర్రాళ్ళు చేసి అమ్మే ఆచారి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. యుద్ధం ఇంకా ముగియలేదు. నేను హిందూపురం నుంచి పొద్దుటి రైల్లో వచ్చి, ఆయన ముంగిట్లో సగం చెక్కిన రోలు మీద కూర్చుని, యుద్ధంలో పోయిన మా బావకు వీరగల్లు చెక్కి ఇవ్వాలని చెప్పాను.

"విమానం" అన్నాను.

ఆచారి సుత్తి పక్కన పెట్టి ఆకాశం వైపు చూశాడు. "చూసినా. రెండు మూడు తూర్లు ఈ కొండ మీద పోయినాయి. కింద నుంచి చూస్తే గద్ద మాదిరే ఉండాది. దాన్ని పక్క నుంచి చూసినోళ్ళు ఎవురన్నా ఉండారా?"

నేనూ చూడలేదు. పత్రికలో వచ్చిన బొమ్మ ఒకటి చించి తెచ్చాను. మా బావ ఎక్కింది అలాంటిదేనో కాదో నాకు తెలియదు. తెలియని సరుకును తెలిసినట్టు అమ్మడం మా ఇంటి విద్య కనుక, "ఇదే" అన్నాను ధైర్యంగా. జేబులో ఇంకో కాగితం ఉంది. దాన్ని బయటికి తీయలేదు. ఆరు నెలలుగా అది నా ఒక చొక్కా జేబులోంచి ఇంకో చొక్కా జేబులోకి మారుతూనే ఉంది, ఎవరి చేతికీ పోలేదు.

మాది హిందూపురం బజారులో పట్టుచీరల కొట్టు. నేత ధర్మవరంలో, అమ్మకం మా దగ్గర. నాయన చెల్లెలు, అంటే మా మేనత్త, ధర్మవరంలో రెండు మగ్గాలు పెట్టుకుని మాకు నేసి పంపేది. మామ ఎప్పుడో పోయాడు. ఒక మగ్గం ఆమెది, రెండోది ఆమె ఒక్కగానొక్క కొడుకుది. నాకంటే రెండేళ్ళు పెద్ద. హైస్కూలు దాకా చదివాడు, నేతలో చేయి తిరిగినవాడు. అయినా యుద్ధం రోజుల్లో వైమానిక దళంలో చేరి బర్మా వైపు పోయాడు. బాంబులు వేసే ఆ విమానంలో ఇద్దరే మనుషులట. ముందు పైలెట్టు, ఎవరో ఉత్తరాది పిల్లవాడు. వాడికి వీపు పెట్టి, వెనక్కి తిరిగి కూర్చుని తుపాకి పట్టేవాడు మా బావ.

"అమ్మా, ఆయప్ప పోయే చోటు చూస్తాంటాడు, నేను వచ్చిన దావ చూస్తాంటా" అని ఒక ఉత్తరంలో రాశాడు. అదే ఉత్తరంలో ఇంకో మాట: "నేను కూర్చొనేది పట్టుమూట మీద. ఏమన్నా అయితే అది గొడుగు మాదిరి విచ్చుకొని మనిషిని మెల్లగా కిందికి దింపుతాది. మన పట్టంతా యాడికి పోతాండాదని అడిగితివే, ఈడికే వస్తాండాది."

నిజమే, ఆ రోజుల్లో పట్టునూలు దొరికేది కాదు. అంతా పారాచూట్లకే పోయేది. ఆ ఉత్తరం చదివి వినిపించినప్పుడు అత్త ముఖంలో మొదటిసారి దిగులు తగ్గడం చూశాను. నూలు లేక మగ్గం ఆగిపోతున్నందుకు అంతవరకూ దొరతనాన్ని తిట్టేది. ఆ రోజు నుంచి తిట్టడం మానేసింది.

తంతి మా కొట్టుకే వచ్చింది. అత్తకు చదువు రాదని, బావ మా చిరునామా ఇచ్చి పోయాడు. విమానం తిరిగి రాలేదు, మనిషి కనపడటం లేదు, అంతే ఉంది అందులో. కొన్ని వారాలకు అతని అధికారి రాసిన ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషులో. నాయనకు ఇంగ్లీషు రాదు. నాకు వస్తుంది. అంటే బేరానికి సరిపడా వస్తుంది. ఆ ఉత్తరం అర్థం కావడానికి అది చాలింది. చాలకపోయినా బాగుండేదని తరువాత చాలాసార్లు అనుకున్నాను.

ఇక్కడ మా వృత్తిలోని ఒక రహస్యం చెప్పాలి. ఎంత మంచి చీరలోనైనా ఎక్కడో ఒకచోట పోగు తెగి ముడి పడి ఉంటుంది. దాన్ని దాచడానికి అబద్ధం ఆడనక్కర్లేదు, మడత చాలు. కొంగు పైకి, అంచు పక్కకు, ముడి ఉన్న చోటు మూడో మడత లోపలికి. చీర పరిచేటప్పుడు చేయి దానంతట అదే ఆ చోటు దాటిపోతుంది. నాకు పదేళ్ళకే నేర్పారు. ఇరవై నాలుగేళ్ళకు అందులో నన్ను మించినవాడు బజారులో లేడని నా నమ్మకం.

ధర్మవరంలో అత్త మగ్గం గుంటలో కూర్చుని ఉంది. నేను గట్టు మీద కూర్చుని ఉత్తరం చదివి తెలుగులో చెప్పాను. మీ కొడుకు ధైర్యవంతుడు, తోటివాళ్ళందరికీ ఇష్టుడు. కొంగు. ఆ రోజు పదకొండు విమానాలు పోయాయి, పది తిరిగొచ్చాయి. అంచు. ఆ తరువాతి వాక్యం ఇది: వెనక వస్తున్న విమానంలోని వాళ్ళు కళ్ళారా చూశారు, బాంబు వేయడానికి కిందికి దూకిన విమానం దెబ్బ తిని నేరుగా అడవికొండకు తగిలింది, పారాచూట్ ఏదీ విచ్చుకోలేదు. నా గొంతు దాని దాకా వచ్చి దాటిపోయింది. మీ దుఃఖంలో పాలు పంచుకుంటున్నాం అన్న చివరి మాటను కూడా "మీ కష్టం మాకు తెలుసు" అని తేలిక చేసి చెప్పేశాను.

"అంతేనా?" అంది అత్త.

"అంతే అత్తా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఆ పట్టు మంచిదేనా?"

"ఏ పట్టు?"

"వాడు కూర్చొనే మూట. నువ్వు పట్టు బేరం చేసేవాడివి కదా, చెప్పు. దొరలు దాంట్లో ఏమన్నా కలిపింటారా?"

పట్టు గురించి నన్ను అడిగిన ప్రశ్నల్లో ఏ జవాబు చెప్పినా తప్పయ్యేది అదొక్కటే. మంచిదంటే వాడు బతికున్నాడు. మంచిది కాదంటే మన పట్టే వాణ్ణి చంపింది. "మంచిదే" అన్నాను.

"అయితే వాడు అడివిలో ఉండాడు" అంది ఆమె, నూలు ఎంత వచ్చిందని చెప్పినంత నిమ్మళంగా. "వాడు వచ్చేదాకా నాకు ఒక్కపొద్దే."

రోజుకు ఒకసారి, పగలు, పిడికెడు సంగటి. అంతే. బావ మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. దాన్ని ఎవరినీ తాకనివ్వలేదు.

వచ్చే వారం చెబుదామనుకున్నాను. ఆ వారం ఆమెకు జ్వరం. జ్వరంలో ఉన్న మనిషికి ఎలా చెబుతాం? ఆ పై వారం జ్వరం తగ్గింది. తగ్గిన మనిషిని మళ్ళీ ఎలా పడేస్తాం? ఇలా నాతో నేను బేరం ఆడుకుంటూ నెలలు లాగాను. ధర్మవరం నుంచి చీరల మూట వచ్చిన ప్రతిసారీ ముందు నేనే అందుకునేవాణ్ణి. మూట విప్పి అత్త నేసిన చీర మీద బొటనవేలు పెట్టి చూసేవాణ్ణి. నేతలో పోగును బిగించడానికి పలకతో పోటు వేస్తారు. ఆమె పోటు మా కొట్టులో పేరున్న పోటు. అది వదులవుతోంది. కార్తీకంలో వచ్చిన చీర ఒక మాదిరి. మాఘంలో వచ్చినదాన్ని వెలుగుకు పెట్టి చూస్తే ఎదుటి గోడ కనిపించింది.

"చేతిలో సత్తువ లేదు దానికి" అన్నాడు నాయన. "ఇట్లయితే ఉగాదికి నా చెల్లెలు ఉండదు."

అప్పటికి సర్కారు నుంచి ఇంకో కాగితం కూడా వచ్చింది, మరణించినట్టు భావిస్తున్నామని. అది మాత్రం ఉన్నదున్నట్టు చదివాను. అత్త ఏమీ తొణకలేదు. "అనుకొంటాండామని రాసినారు. చూసినామని యాడన్నా రాసినారా?" అంది. చూశామని రాసిన కాగితం ఆమెకు మూరెడు దూరంలో నా జేబులో ఉంది. చెమటకు చొక్కా తడిసి దానికి అంటుకుంది.

వీరగల్లు ఆలోచన నాయనది. మా సీమలో ఏ ఊరి పొలిమేరకు పోయినా పాతకాలం రాళ్ళు కనిపిస్తాయి. కింద వీరుడి పోరు, దాని పైన అప్సరసలు అతన్ని భుజాలు పట్టి పైకి తీసుకుపోవడం, అన్నిటికీ పైన శివుడి దగ్గర అతను చేతులు జోడించి కూర్చోవడం. "శవం లేదు, సమాధి లేదు. దాని కండ్లకు ఒక ఆనవాలు కావాల" అన్నాడు నాయన. "రాయి నిలబెడితే మనసు నిలబడతాది. నువ్వు పో, బేరం కుదుర్చుకొని రా. దాన్ని ఒప్పించేదీ నువ్వే." ఉత్తరంలో ఏముందో నాయనకు కూడా నేను చెప్పలేదు. చెప్పి ఉంటే రాయి అవసరం ఉండేది కాదు.

అలా పెనుకొండ వచ్చాను. ఆచారి మొదట ఒప్పుకున్నాడు. తరువాత అడిగాడు:

"ఎట్ల చచ్చినాడు?"

"యుద్ధంలో."

"యుద్ధంలో అంటే? పులితో చస్తే పులి ఉండాల. ఆవుల మందకు అడ్డం పోయి చస్తే ఆవులుండాల. మా తాత, మా నాయన అంతా అట్లే కొట్టిరి. ఎట్ల చచ్చినాడో తెలీకుండా ఉలి పెట్టకూడదు. రాయి మీద అబద్ధం చెక్కితే అది నిలబడదప్పా."

నాకు వచ్చిన ఆయుధం ఒకటే, లేచిపోవడం. కొట్టులో ఎవరైనా లేచిపోతే మెట్టు దిగేదాకా పిలవకూడదని, దిగగానే పిలవాలని నాయన సూత్రం. నేను లేచి, దులుపుకుని, రోడ్డు దాకా నడిచాను. ఆచారి పిలవలేదు. వెనక సుత్తి చప్పుడు మొదలైంది, ఎవరిదో రోలు. తువ్వాలు మరిచిపోయినట్టు నటిస్తూ వెనక్కి వచ్చాను. తువ్వాలు నా భుజం మీదే ఉంది. ఆయన దాన్ని చూసి, మళ్ళీ సుత్తి ఎత్తాడు.

రోలు మీద మళ్ళీ కూర్చుని, జేబులోంచి కాగితం తీసి, ఆ వాక్యం చదివాను. ఆ వాక్యం నా నోటి నుంచి తెలుగులో రావడం అదే మొదటిసారి. విన్నవాడు మాకేమీ కాని మనిషి. అందుకే చెప్పగలిగానేమో.

"ఆయప్ప అమ్మకు తెలుసునా?" అన్నాడు ఆచారి.

"తెలీదు."

ఆయన ఉలి మొనను బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. "వచ్చే శుక్రవారం రా" అన్నాడు చివరికి.

శుక్రవారం పోయేసరికి నిలువెత్తు నల్లరాయి మీద సుద్దతో బొమ్మ గీసి ఉంది. రెక్కలున్న చేపలా ఉంది విమానం. దాని మీద బావ ముందుకు తిరిగి, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"వెనక్కి తిరిగి కూర్చునేవాడని చెప్పాను కదా."

"చెప్పినావు. వెన్ను చూపినోనికి వీరగల్లు ఉండదప్పా. చూసినోళ్ళు పారిపోయినాడనుకొంటారు. నేనే తిప్పినా." మళ్ళీ ఆయనే తల గోక్కున్నాడు. "ఇంకోటి కూడా కుదర్లా. మామూలుగా వీరుడు కింద చస్తే పైకి తీసకపోతారు. ఈయప్ప చచ్చిందే పైన. ఇంక యాడికి తీసకపోయేది?"

మేమిద్దరం ఆ చిక్కు మీద తలలు పట్టుకుని ఉండగా దారి మీద ఎవరో నిలబడినట్టు నీడ పడింది. తలెత్తి చూస్తే అత్త. నాయన ఆమెకు కబురు పంపాడట, పోయి రాయి చూసి రమ్మని. నాకు మాత్రం చెప్పలేదు. స్టేషన్ నుంచి ఎండలో నడిచి వచ్చింది. చీర కొంగు భుజం మీద నిలవనంతగా చిక్కిపోయింది.

"బతికుండే కొడుక్కి రాయి కొట్టిస్తాండావా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "నీ దుడ్లు ఎక్కువైనాయా అల్లుడా? మీ నాయనకు బుద్ధి లేదు, నీకన్నా లేదా?"

"అత్తా, కూర్చో, కాస్త నీళ్ళు..."

"నాకు నీళ్ళొద్దు. ఏమప్పా ఆచారీ, చెరిపేయి దాన్ని."

ఆచారి నా వైపు చూశాడు. సుద్దముక్క పట్టుకున్న ఆయన చేయి విమానం పైన, గొడుగు ఉండాల్సిన ఖాళీ చోట ఆగి ఉంది. ఆయన చెబుతాడేమో, ఇప్పుడే చెబుతాడేమో అనిపించింది. ఆయన చెప్పకముందే నేను చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. కొంగు నుంచా, అంచు నుంచా? జేబులోంచి కాగితం తీశాను.

"అత్తా, ఆ రోజు నేను ఒక మాట చదవలేదు."

చదివాను. ఈసారి ఇంగ్లీషు మాట మాటకూ తెలుగు చెప్పాను. వెనక విమానంలో వాళ్ళు చూశారు. కళ్ళారా చూశారు. కొండకు తగిలింది. గొడుగు విచ్చుకోలేదు.

ఆమె నిలబడే ఉంది. "ఏదో దాచినావని నాకు తెలుసు" అంది. "మడత దాటేటప్పుడు నీ చేయి ఎట్ల పోతాదో నీ చిన్నప్పటి నుంచి చూస్తాండా. కాళ్ళు పోయింటాయి, అది చెప్పలేక దాచినావనుకొంటి. కాళ్ళు పోతే పోనీ అనుకొంటి. గుంటలో నేను కూర్చొని కాళ్ళతో తొక్కుతా, పైన వాడు కూర్చొని చేతులతో నాడె విసురుతాడు. ఇద్దరం ఒకే మగ్గం నేస్తాం. ఎట్ల కూర్చోవల్లో, ఎంత గుంట తవ్వల్లో కూడా చూసి పెట్టుకొంటి."

ఆరు నెలలు ఆమె పస్తు మీద పోషించిన ఆశ అది. దాన్ని ఇచ్చింది నేను. దాచిన ముడిని నేను చూపించకపోతే, ఆమె తన చేత్తో వేరే ముడి వేసుకుంది.

"ఆ మాట యాడ ఉండాదో చూపించు."

చూపించాను. ఆమెకు అక్షరం రాదు. ఆ వరుస మీద బొటనవేలు పెట్టింది, చీర నాణ్యం చూసేటప్పుడు పెట్టినట్టే. ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా జరిపింది. అక్కడ తెల్లకాగితం తప్ప చేతికి తగిలేదేముంటుంది? అయినా రెండోసారి జరిపింది. అప్పుడు కూర్చుంది, ఆ రోలు మీదే. ఏడ్చింది. ఆచారి భార్య లోపలి నుంచి వచ్చి పక్కన కూర్చుని ఆమె వీపు మీద చేయి వేసింది. నేనూ ఆచారీ వేపచెట్టు కిందికి పోయి, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా నిలబడ్డాం.

ఎండ వాలాక అత్త మమ్మల్ని పిలిచింది.

"ముందర కూర్చొన్న పిల్లోడు కూడా అంతేనా?"

"అంతే అత్తా."

"ఆ పిల్లోడి అమ్మకు ఎవురు చదివినారో." నా వైపు చూడకుండానే అంది. "పూరాగా చదివినారో లేదో."

ఆ తరువాత లేచి రాయి దగ్గరికి పోయింది. సుద్దబొమ్మను చూసి, "ఇదేంది, చేప ఎక్కినాడా నా కొడుకు?" అంది. "వెనక్కి తిప్పు వాణ్ణి."

"అమ్మా, వెన్ను చూపినట్లయితాది..."

"జట్కాలో వెనక కాళ్ళు వేలాడేసి కూర్చొంటారే, వాళ్ళంతా పారిపోతాండారా? వెనక నుంచి వచ్చేటోన్ని వాడే కదా చూడాల. వాని ఎదురుగ్గానే ఉండె శత్రువు. ముందర ఆ పిల్లోణ్ణి కూడా చెక్కు. ఇద్దరూ పోయినంక ఒకణ్ణే కూర్చోబెడితే విమానం ఎవురు తోలినట్లు?"

ఆచారి ముఖంలో ఆరు రోజుల చిక్కు విడిపోవడం కనిపించింది. కాని వెంటనే వ్యాపారం గుర్తొచ్చింది. "ఇద్దరంటే పని రెండింతలయితాది మరి. ముఖాలు రెండు కదమ్మా."

నేను నోరు తెరవబోయాను. అత్త చేత్తోనే నన్ను ఆపింది.

"ముఖాలు రెండు, సరే. రెక్కలు రెండే కదా? విమానం ఒకటే కదా? ఇద్దరూ వీపులు ఆనించుకొని కూర్చొన్నంక ఒక వీపు మిగిలిపాయె కదా నీకు? దాని పని తీసేయి."

"వీపు చెక్కేదేముండాదమ్మా, అది ఊరికే గీతే!"

"గీతైతే ఇంక దానికేమడుగుతావప్పా?"

ఆచారి భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. ఆచారి ఓడిపోయాడు. మా వంశంలో బేరం నా దగ్గర మొదలు కాలేదని ఆ రోజు నాకు తెలిసొచ్చింది. లేచిపోవడం, మెట్టు దిగడం లాంటి నా నాటకాలేవీ ఆమెకు అక్కర్లేదు. ఆరు నెలల తరువాత ఆమె గొంతులో ఆ పదును విని నాకు మొదటిసారి కొంచెం ఊపిరి ఆడింది. వీపు దగ్గర తగ్గించమని వాదించే మనిషి ఉగాదికి ఉంటుంది.

ఆచారి భార్య సంగటి ముద్దలు, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి తెచ్చి పెట్టింది. అత్త ఆ రోజు ఒక్కపొద్దు తిండి పొద్దున్నే తినేసి వచ్చింది. ఆకు ముందు కూర్చుని ముద్ద వైపు చూస్తూ ఉండిపోయింది. తింటే కొడుకు రాడని ఒప్పుకున్నట్టు. ఒక్కపొద్దు సంగతి ఆమె ఏడుస్తూ చెప్పుకుంది కనుక అక్కడ అందరికీ తెలుసు. ఎవరూ తినమనలేదు. నేను మాత్రం నా ముద్ద ముట్టుకోలేక ఆమె చేతినే చూస్తున్నాను.

"నా చేయి చూడొద్దు" అంది. "నీది నువ్వు తిను."

చిన్నగా తుంచి నోట్లో పెట్టుకుంది. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. తరువాత ఇంకో తునక తుంచింది.

రాయిని ధర్మవరంలో, రైలుదారి కనిపించే మిట్ట మీద నిలబెట్టాం. అప్సరసలు లేరు, వాళ్ళకు పని లేదని ఆచారే తీసేశాడు. గొడుగు లేదు. వీపులు ఆనించుకున్న ఇద్దరు మనుషులు, వాళ్ళ కింద ఎంత దిద్దినా చేపలాగే మిగిలిన విమానం. ఆచారి ముందువాడికీ మా బావకూ ఒకే ముఖం చెక్కాడు. ఆయన ఇద్దరినీ చూడలేదు కదా. అత్త దాన్ని దిద్దనివ్వలేదు.

బావ మగ్గం మీది చీరను ఆమే పూర్తిచేసి మా కొట్టుకు పంపింది. అతని పోటు ఎక్కడ ఆగిందో, ఆమెది ఎక్కడ మొదలైందో ఒక గీతలా తెలుస్తుంది. దానితో పాటు కబురు: ఆ చోటు లోపలికి మడవొద్దు. మడవలేదు. ఆ చోటు పైకి పెట్టి, చాలామందికి అదేమిటో చెప్పి చూపించాను. ఎవరూ కొనలేదు. ఇంకా మా బీరువాలోనే ఉంది.